అరికాలి గాయము

నా బాల్యమున, గోదావరి కాలువలక్రింది యొక చిన్న గ్రామమున, తొలకరి పడి నాట్లు సాగుచున్న దినములలో, మా వీధి పెద్దయొకరి యింట పాలేరుగా నున్న నడివయస్సువాడు, పశువుల సావడి ముంగిట ఎద్దు కాలినుండి యూడిపడిన లాడపు మేకును అరికాలితో త్రొక్కెను. మేకును పెఱికివేసి, పసుపును సున్నమును కలిపి యద్ది, గుడ్డపేలిక చుట్టుకొని, ఆ కాలితోనే వాడు మఱల మడిలోనికి దిగెను. రెండు మూడు దినములలో గాయము పైకి మానినట్లే కనబడెను; వాడును దానిని మఱచెను, చూచినవారును మఱచిరి. తొమ్మిదవనాటి యుదయమున చద్దియన్నము తినబోయినవానికి దవడలు తెఱపిడి పడలేదు. సాయంకాలమునకు మెడ బిగిసెను. మఱునాటికి వీపు విల్లువలె వంగెను. చీకటి గదిలో పండుకొనబెట్టిన వానిని తొంగిచూడబోయిన పిల్లలలో నేనొకడను. తలుపు కిఱ్ఱుమన్నంతనే వాని శరీరమంతయు ఎగిరిపడుట, ముఖమున నవ్వువంటి దొకటి బిగిసి నిలిచియుండుట, ఆ నవ్వు వెనుకనుండి రెండు కన్నులు సమస్తమును ఎఱిగి మమ్ము చూచుచుండుట నేటికిని నాకు మఱపునకు రాకున్నవి. నాలుగవనాడు వాడు పోయెను. గుండెలు బాదుకొనుచున్న వాని భార్యతో, అరుగుమీద కూర్చున్న ఆ యింటి పెద్ద యనిన మాట యిది: "రాసిపెట్టి ఉంటే ఎవరాపగలరే? కృష్ణపరమాత్మకే తప్పలేదు, అరికాలి గాయం."

ఆ మాటలో క్రౌర్యము లేదు. అది యనునప్పుడు ఆయన కంట నీరు నిండియుండుటను నేను చూచితిని. జరయను వేటకాని బాణము శ్రీకృష్ణుని పాదమున నాటుటయు, దానితో అవతారము ముగియుటయు మౌసలపర్వకథ. ఆ కథను తలపునకు తెచ్చుట పరమాత్మకును పాలేరునకును ఒకే కొలబద్దను పట్టి దుఃఖితురాలిని ఓదార్చుటయే యని యెంచవచ్చును. అయినను ఆ మాట నన్ను విడువలేదు. పెద్దవాడనై, వైద్యులతోడను శాస్త్రులతోడను కొంత సాంగత్యము కలిగిన పిమ్మట, దానిలోని చిక్కు ఎచ్చటనున్నదో నాకు లీలగా గోచరింపసాగెను. వ్రాసిపెట్టియున్న దేది? మేకు దిగుటయా, ప్రాణము పోవుటయా? ఈ రెంటిని ఒకే వ్రాతలోని రెండు పదములవలె మనము గుక్కతిప్పక చదివివేయుదుము. కాని వాని నడుమ తొమ్మిది దినములున్నవి. ఆ తొమ్మిది దినములు ఎవరివి?

మనవారు ఈ వ్యాధిని ధనుర్వాతమనిరి. దేహమును ధనుస్సువలె వంచునట్టి వాతమును సుశ్రుతుడు ధనుస్తంభమనెను. ముందునకు వంగినచో అంతరాయామమనియు, వెనుకకు వంగినచో బహిరాయామమనియు ప్రాచీనవైద్యులు భేదమును చెప్పిరి. గ్రీకుదేశమున హిప్పోక్రటీసు పేరిట వెలసిన గ్రంథములందును గాయపడినవాని దవడలు బిగియుటయు, వెన్ను వంగుటయు వర్ణింపబడినవి. కంటికి కనబడినదానిని చెప్పుటలో ప్రాచీనులు మనకు తీసిపోరు. కనబడనిదాని దగ్గఱనే కాలము పట్టినది. గాయములో పెరిగిన సూక్ష్మజీవి దేహమంతటను ప్రాకదనియు, తాను చేరినచోటనే యుండి యొక విషమును స్రవించుననియు, ఆ విషము నరములవెంట వెన్నుపామును చేరుననియు నేటి శాస్త్రము చెప్పును. చేరి యది చేయు పని విచిత్రమైనది. కండరములకు క్రొత్త బలము నేమియు నది యొసగదు. ఉన్న నిగ్రహమును తొలగించును. మనము చేయి ముడుచునప్పుడు ఒక కండరము బిగియుచుండగా దాని కెదురుగా నున్న కండరము సడలవలెను. అట్లు సడలుమని యాజ్ఞయిచ్చుటకు, చాలించుమని చెప్పుటకు వెన్నుపాములో ప్రత్యేకముగా నరకణములు గలవు. విషము ఆ చాలించుమను నోటిని కట్టివేయును. అంతట దేహము తన బలముచేతనే తాను విఱుగును. ఒక వెలుగు, ఒక చప్పుడు, ఒక స్పర్శ చాలును.

శమదమాదులను గూర్చి వేదాంతగోష్ఠులలో వినినప్పుడెల్ల దమమన్నది మనస్సునకు, ఇంద్రియములకు సంబంధించిన సద్గుణమని, సాధనచేత సంపాదింపదగినదని మాత్రమే నేనెంచితిని. మనము పుట్టకమున్నే మన వెన్నులో దమమొకటి యమర్పబడి యున్నదనియు, అది లేనిది ముద్ద నమలుటకైనను నిలువబడుటకైనను శక్యము కాదనియు ఈ వ్యాధివలననే తెలిసికొంటిని. ఇక రోగి యొక్క తెలివి మాత్రము చెడదు. ఆ కన్నులు సమస్తమును ఎఱిగియుండె నని నేను చెప్పినది బాల్యపు భ్రాంతి కాదు.

మరల ఆ తొమ్మిది దినముల మాటకు వత్తును. దైవము గొప్పదా, పురుషకారము గొప్పదా యను ప్రశ్నను నాస్తికులు లేవదీసినదని తలంచువారు కలరు. అది వైద్యులు లేవదీసినది, ఋషులు చర్చించినది. చరకసంహితలో విమానస్థానమున మూడవ యధ్యాయమునందు, పాంచాలదేశపు కాంపిల్యనగరమున, గంగాతీరపు టడవిలో, వేసవి కడపటి దినములందు శిష్యులతో సంచరించుచున్న ఆత్రేయుని అగ్నివేశుడు సూటిగా ప్రశ్నించును: మనుష్యుని యాయువు నియతమా, కాదా? ఆత్రేయుని సమాధానము నేటికిని మన పురాణకాలక్షేపములలో వినబడదగినంతగా వినబడుట లేదు. తాను పూర్వదేహమున చేసిన కర్మము దైవము, ఈ దేహమున చేయుచున్న కర్మము పురుషకారము. బలీయమైనది దుర్బలమైనదానిని అణచును. ఆయువు ఈ రెంటి కూడికపై నాధారపడియుండును. ఆయువు సర్వమును నియతమే యైనచో మంత్రములేల, ఓషధులేల, హోమములేల? మదించిన యేనుగు ఎదురైనప్పుడు తొలగిపోవుటయేల, వఱదయేటికి దూరముగా నిలుచుటయేల? ఇట్లని యాయన బండియిరుసును దృష్టాంతముగా చూపెను. చక్కగా చేసిన యిరుసు తన కాలము తీఱువఱకు అరిగి యరిగి పోవును. అదే యిరుసు అతిభారము మోపినను, ఎగుడుదిగుడు బాటలపై తోలినను, కందెన పెట్టకున్నను నడుమనే విఱుగును. రెండును మరణములే, కాని యొకటి కాలమరణము, రెండవది అకాలమరణము. పండితునికంటె బండివాడే ముందు గ్రహింపగల యుపమానమిది.

దైవమనగా నిన్నటి పురుషకారమే యని దీని తాత్పర్యము. యోగవాసిష్ఠమునందు ఈ రెండును పోరాడు రెండు పొట్టేళ్ళుగా వర్ణింపబడినవి. ఏది బలమైనదో అది నెగ్గును. నాకు మిక్కిలి నచ్చిన యుపమానము మాత్రము ఈ రెండును కాదు. అది మహాభారతమునందు ఆనుశాసనిక పర్వమున నున్నది. అంపశయ్యపై నున్న భీష్ముని ధర్మరాజు ఇదే ప్రశ్న యడుగగా, పూర్వము వసిష్ఠునకు బ్రహ్మదేవుడు చెప్పిన సమాధానమును ఆయన వినిపించును: దైవము విత్తనము, పురుషకారము క్షేత్రము, విత్తనమును క్షేత్రమును కలిసిననే పంట. దేహమున గాయము లేని చోటు లేనివాడు ఈ మాట చెప్పుచున్నాడని చదువరులు గమనింతురు గాక. (ఆయనకు స్వచ్ఛందమరణ వరము గలదు గనుక ఏ సూదియు నక్కఱలేకపోయినది. ఆ వరము లేనివారి సంగతియే మనకు కావలసినది.)

ఇంతకంటె ఈ వ్యాధికి సరిపడు మాటను నేటి శాస్త్రజ్ఞులును చెప్పలేదు. తామెఱుగకయే దానినే చెప్పిరి. 1884వ సంవత్సరమున ఇటలీలోని ట్యూరిన్‌నందు కార్లే, రాటోనే యను నిరువురు ధనుర్వాతముతో మరణించినవాని గాయపు రసిని కుందేళ్ళకెక్కించి వానికి ఆ వ్యాధిని పుట్టించిరి. ఆ యేటనే జర్మనీలో నికొలాయర్ రసితో పనిలేకయే, కేవలము మన్నును జంతువుల చర్మము క్రిందికి చొప్పించి అదే ఫలితమును చూచెను. ఆ సూక్ష్మజీవి మన్నులో, పశువుల పేడలో, గుఱ్ఱపు లద్దెలో, బాట దుమ్ములో సర్వత్ర నుండును. అనుకూలము కానిచోట అది తనలో తాను ముడుచుకొని దృఢమైన యొక గింజ యగును; దానిని మన జీవశాస్త్ర గ్రంథములు సిద్ధబీజమనును. ఆ గింజ యెండకు చావదు, కొంతసేపు మరుగు నీటిలో నున్నను చావదు, ఏండ్లకొలది మన్నులో పడియుండును. జపానువాడైన కిటసాటో 1889లో, బెర్లినున కాక్ పండితుని ప్రయోగశాలలో, ఆ దృఢత్వమునే యాధారముగ చేసికొని, రసిని వేడిచేసి తక్కిన సూక్ష్మజీవుల నన్నిటిని చంపి, గాలిలోని ప్రాణవాయువు తగులనిచోట దీనిని మాత్రము మొలిపించి వేఱుపఱచెను.

బీజము దైవమని బ్రహ్మ చెప్పినదానికి ఇంతకంటె టీక యేమి కావలెను? ఈ బీజమును నశింపజేయుట మానవునకు తరము కాదు. మశూచి మనుష్యులలో తప్ప వేఱెచ్చటను నివసింపదు గనుక దానిని భూమిపైనుండి తొలగింపగలిగితిమి. ధనుర్వాతమును భూమిపైనుండి తొలగింపవలెనన్నచో భూమినే తొలగింపవలెను. పంట నిచ్చు మన్ను, మనము ప్రొద్దున లేచి కాలు మోపుటకు ముందు క్షమింపుమని వేడుకొను భూదేవి, ఆ గింజను తన గర్భమున దాచుకొని యున్నది. అది యామె దోషమా? పశువు ప్రేవులలో నుండునప్పుడు ఆ జీవి పశువునకు హాని చేయదు. మడిలో నుండునప్పుడు వరికి హాని చేయదు. మన చేతికంటిన మన్నులో నున్నను మన చర్మమునకు హాని చేయదు. ప్రాణవాయువు చొరని లోతుగాయములో, నలిగి చచ్చిన కండలో పడినప్పుడు మాత్రమే యది విచ్చుకొని విషమును క్రక్కును. కీడు వస్తువునందు లేదు, సంయోగమునందున్నది. లోకమున కీడు ఎచ్చటనుండి వచ్చెనని తత్త్వవేత్తలు యుగములుగా వాదించుచున్నారు. ఆ వాదము నంతటిని తీర్చు శక్తి నాకు లేదు గాని, ఈ యొక్క కీడు విషయమున మాత్రము సమాధానము మడమక్రింద నున్నది.

ఇచ్చట శౌచమును గూర్చి యొక మాట చెప్పక తప్పదు. వాకిట కళ్ళాపి చల్లి, పేడతో అలికి, ముగ్గుపెట్టిన యింటిలో పుట్టి పెరిగినవాడను నేను. సంక్రాంతి గొబ్బెమ్మలపై గుమ్మడిపూవు నుంచునప్పుడు కలుగు ఆనందమును ఏ శాస్త్రమునకును తాకట్టు పెట్టను. గోమయము శుద్ధికరమని ధర్మశాస్త్రములు చెప్పిన మాట నిజమే. ఆ మాట నేలను గూర్చి చెప్పినది, వాకిలిని గూర్చి చెప్పినది. దానిని గాయమునకును, అంతకంటె ఘోరముగా అప్పుడే కోసిన పసికందు బొడ్డునకును వర్తింపజేసినవారు శాస్త్రమును పాటించితిమనుకొనిరి. దేశము, కాలము, పాత్రము అని మూడింటిని చూడనిది దానమునకే యోగ్యత లేదని గీతాచార్యుడు చెప్పియుండగా, శుద్ధికి మాత్రము అవి యక్కఱలేదా? వాకిట నున్నప్పుడు పావనమైనది నాభియందు ప్రాణాంతకమగును. పదార్థము మాఱలేదు, స్థలము మాఱినది. మడికట్టుకొనుటలో మనకున్న సూక్ష్మదృష్టిలో నాలుగవ పాలు గాయమును కడుగుటయందుండినచో ఎన్ని ప్రాణములు నిలిచియుండునో!

విత్తనము మన చేతిలో లేదు. క్షేత్రము మన చేతిలో నున్నది. గాయమే క్షేత్రము. దానిని దున్నకుండ విడుచుటయే యిచ్చట వ్యవసాయము. ధారగా పాఱు నీటితోను సబ్బుతోను కడుగవలెను. లోపల చిక్కిన మన్నును, ముల్లును, పుల్లను తీయింపవలెను. నలిగి చచ్చిన కండను వైద్యుడు తొలగించుటకు వెనుదీయరాదు. తుప్పుపట్టిన మేకునందే దోషమున్నదని లోకమున నొక నమ్మిక యున్నది. తుప్పు దోషము కాదు. మన్నంటిన మేకు లోతుగాను సన్ననిదిగాను రంధ్రము చేయుట, పైన తోలు మూసికొని లోపల గాలి చొరకుండుట దోషము. తళతళలాడు క్రొత్త మేకైనను మన్నులో పడియున్నచో అంతే. పొడుగాటి కత్తిగాటు నెత్తురు కార్చి మనలను భయపెట్టి వైద్యునివద్దకు పరుగెత్తించును. అరికాలిలోని చిన్న రంధ్రము ఏమియు కానట్లు మూసికొని మనలను ఏమార్చును. పాలేరు గాయము అట్టిది.

ఇక సూది సంగతి. దీనిని గూర్చి చదువుకొన్నవారిలోను తికమక యున్నది. రెండు విధములైన సూదులు గలవు. 1890లో బెహ్రింగ్, కిటసాటోలు వ్యాధివిషమునకు విరుగుడు కుందేళ్ళవంటి జంతువుల నెత్తురులో పుట్టునని చూపిరి. పిమ్మట దానిని గుఱ్ఱముల నెత్తురునుండి తీసిరి; మన తండ్రుల కాలమున ఆసుపత్రులలో వేసిన ఏటీయస్ సూది అదియే. ఏ జంతువు లద్దెలో ఆ బీజము దండిగ నుండునో ఆ జంతువే విరుగుడును దానము చేసినది. నేడు దాని స్థానమున మనుష్యుల నెత్తురునుండి తీసిన విరుగుడును వాడుచున్నారు. అది వెంటనే కాపాడును, కాని కొలది వారములకు మించి నిలువదు. అరువు తెచ్చుకొన్న పుణ్యము వంటిది. రెండవది 1920 తరువాతి దశకమున ఫ్రాన్సులో రామోన్ మొదలగువారు రూపొందించిన టాక్సాయిడ్: విషమునుండి విషత్వమును పోగొట్టి రూపమును మాత్రము మిగిల్చినది, కోఱలు తీసిన పాము. మనము టీటీ సూది యనునది యిదియే. ఇప్పుడు దానికి కంఠసర్పి మందును చేర్చి టీడీ యనుచున్నారు. ఇది దేహమునకు విరుగుడు నీయదు, విరుగుడు చేసికొను విద్యను నేర్పును. ఆ విద్యకు వారములు పట్టును. కావున మునుపెన్నడును ఆ సూది వేయించుకొననివాడు గాయమైన పిదప దానిని వేయించుకొన్నచో, అది యా గాయమునకు ఆలస్యము. రాబోవు గాయమునకే యక్కఱకు వచ్చును. అట్టివానికి గాయము మురికిదైనచో విరుగుడును కూడ ఈయవలసి యుండును. చిన్ననాడు అన్ని మోతాదులను పొందినవానికి మాత్రము ఒక్క సూదితో, కొలది దినములలోనే, పాతవిద్య మేలుకొనును.

సంచితము, ప్రారబ్ధము, ఆగామి యని కర్మమును మూడుగా విభజించినవారు ఈ లెక్కను వినినచో చిఱునవ్వు నవ్వియుందురు. శైశవమున ఆఱవ, పదవ, పదునాలుగవ వారములందు తల్లి యొడిలో ఏడ్చుచు పొందిన సూదులు సంచితము. అవి వాసనారూపమున నెత్తురులో దాగియుండును. గాయము ప్రారబ్ధము. నేడు పొందు సూది ఆగామి. శుభ్రమైన చిన్న గాయమునకు గడచిన సూది పదేండ్లలోపుదైనచో చాలుననియు, మురికిపడిన గాయమునకు, లోతుగాయమునకు అయిదేండ్లు దాటియున్నచో మరల వేయించుకొనవలెననియు వైద్యుల నియమము. గీతపడినప్పుడెల్ల సూదికై పరుగెత్తువారును, ఎన్నడును పోనివారును మన వీధులలో పక్కపక్కనే నివసించుచున్నారు. తమ కడపటి సూది ఏ యేటిదో చెప్పగలవారు మాత్రము ఉభయులలోను అరుదు.

ఈ వ్యాధి మన ధార్మిక విశ్వాసములలో మఱి రెండింటిని పరీక్షకు పెట్టును. అనుభవింపక కర్మము తీఱదనియు, అనుభవించినచో తీఱుననియు మనము నమ్ముదుము. అమ్మవారు ఒకసారి పోసినవానికి మఱల పోయదని పెద్దలు చెప్పినదియు నిజమే. ధనుర్వాతము అట్లు కాదు. దానిని అనుభవించి దైవవశమున బ్రతికినవాడు దానినుండి రక్షణమును పొందడు. మఱల మేకు దిగినచో మఱల రావచ్చును. చంపుటకు చాలిన విషము దేహమునకు పాఠము నేర్పుటకు చాలదు, అంత స్వల్పమైనది. కావున బ్రతికి బయటపడినవానికి సైతము సూది వేయక తప్పదు. బాధ మనుష్యుని పునీతుని చేయునని, నేర్పునని చెప్పు పెద్దలందఱును ఈ యొక్క బాధను మినహాయింపవలెను; దీనివలన బాధయే తప్ప విద్య లేదు. రెండవది: అంటువ్యాధులలో పొరుగువాని టీకా మనలను కొంత కాపాడును. ఇది యొకనినుండి యొకనికి అంటునది కాదు. ఊరిలో తొంబదితొమ్మిది మంది సూది వేయించుకొన్నను నూఱవవానికి దానివలన ఇసుమంతయు లాభము లేదు. ఎవరి కర్మమునకు వారే కర్తలన్న మాట ఇంత కఠినముగా సత్యమైన చోటు మఱొకటి నాకు కనబడలేదు.

ఒక్క మినహాయింపు గలదు. గర్భవతి పొందిన సూది గర్భస్థశిశువునకు చేరును. ఆమె నెత్తురులోని రక్షణము మావిని దాటి బిడ్డలో ప్రవేశించి, పుట్టిన పిదప తొలి మాసములందు కాపాడును. పుణ్యమును ఇంకొకరికి ధారపోయవచ్చునా యని మీమాంసకులు ఎంత వాదించినను, తల్లి విషయమున ప్రకృతి వాదమునకు తావీయలేదు. ఆ ధారపోత లేనినాడు జరిగినది చెప్పుటకు నోరు రాదు. కొడవలితోనో, గుల్లతోనో, దొరికిన బద్దతోనో బొడ్డు కోసి, బూడిదయో పేడయో అద్దిన పసికందు, మూడు నాలుగు దినములు చక్కగా పాలు త్రాగి, ఒకనాడు హఠాత్తుగా చన్ను పట్టుట మానును. పెదవులు బిగియును. బాలగ్రహము సోకెననిరి, దృష్టి తగిలెననిరి. ఆఱవ రాత్రి షష్ఠీదేవిని పూజించి, విధాత నుదుట వ్రాయుటకు వచ్చునని దీపము పెట్టి మేల్కొనియుండు ఆచారము దేశమున పలుచోట్ల గలదు. ఈ వ్యాధి పసిబిడ్డలలో తలచూపునదియు ఇంచుమించు ఆ దినములలోనే. ప్రపంచమున 1988వ సంవత్సరమొక్కదానిలోనే 7,87,000 మంది నవజాతశిశువులు దీనితో మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ యంచనా. అటు పిమ్మట గర్భిణులకు సూదియు, పురుటి గదిలో అయిదు శుభ్రతలును, అనగా చేతులు, పురుడుపోయు చోటు, కోయు బ్లేడు, కట్టు దారము, ఏమియు పూయక విడిచిన బొడ్డు, గ్రామగ్రామమున మంత్రసానులకును ఆరోగ్య కార్యకర్తలకును నేర్పబడినవి. 2015లో భారతదేశము తల్లులలోను నవజాతులలోను ధనుర్వాతమును నిర్మూలించిన దేశముగా గుర్తింపబడినది. నిర్మూలనమనగా ఏ జిల్లాలోను వేయి జననములకు ఒకటికంటె తక్కువ యని యర్థము, సున్న యని కాదు. విధాత వ్రాతను బ్లేడుతోను దారముతోను దిద్దిన యీ కథకు మన హరికథలలో నేటికిని చోటు దొరకలేదు.

ఇంతవఱకు చదివి, పురుషకారమును నేను మితిమీఱి పొగడుచున్నానని తలంచువారికి ఒక ప్రతికూల సాక్ష్యమును నేనే యిత్తును. 1902 అక్టోబరు 30వ తేదీన, నేడు పాకిస్తానులో చేరిన పంజాబుభాగమున, మల్కోవాల్ అను గ్రామమున ప్లేగు రాకుండ నూటయేడుగురికి టీకా వేసిరి. ఒకే సీసాలోని మందును పొందిన పందొమ్మండుగురు ధనుర్వాతముతో మరణించిరి. మందును కనిపెట్టిన హాఫ్‌కిన్ పండితునిపై నేరము మోపబడెను, పదవి పోయెను. సీసా తెఱచుచున్నప్పుడు సహాయకుని చేతిలోని పటకారు నేలపడినదనియు, దానిని తగినట్లు శుద్ధిచేయక వాడిరనియు సాక్ష్యము ఉండగా, రొనాల్డ్ రాస్ మొదలగు శాస్త్రజ్ఞులు పట్టుపట్టిన పిదప 1907లో గాని ఆయనపై మచ్చ తొలగలేదు. పడినది మఱల ఆ నేలయే, ఆ మన్నే. రక్షింప వచ్చిన సూదియే చంపినది. దీనిని చూపి సూదులను నిందించువారున్నారు; నాకు మాత్రము పురుషకారమన్నది వస్తువు కాదనియు, ఒకసారి కొని పెట్టెలో దాచుకొనుటకు వీలులేనిదనియు, పటకారు నేలపడిన ప్రతిసారియు క్రొత్తగా చేయవలసిన పనియనియు దానివలన తెలియును. ఆ హాఫ్‌కిన్ తన జీవితపు కడపటి భాగమున తన యూదుమతాచారమును నిష్ఠతో సమర్థించుచు వ్యాసమును వ్రాసెను. సూదికిని దేవునికిని వైరమున్నదని ఆయనకు తోచలేదు.

మా వీధి పెద్దను గూర్చి మిగిలిన సంగతి చెప్పెదను. పాలేరు పోయిన రెండేండ్లకు, దుక్కిలో ఆడుకొనుచుండిన ఆయన మనుమని కాలికి నాగటికఱ్ఱు దిగెను. ఆ సాయంకాలము ఆయన అరుగుమీద కూర్చుండలేదు, కృష్ణపరమాత్మ పేరెత్తలేదు. వర్షము కురియుచుండగా, బాట తెగియుండగా, బండి కట్టించి, రాత్రికి రాత్రి పట్టణమునకు పిల్లవానిని కొనిపోయి, ఆసుపత్రి తలుపు తట్టి, గాయము కడిగించి, సూది వేయించి, తెల్లవాఱి యింటికి తెచ్చెను. మంచి పని చేసెను. ఆ పిల్లవాడు నేడు మనుమలను ఎత్తుచున్నాడు. కాని ఆ రాత్రి బండి తోలిన కుఱ్ఱవాడు ఆ పాలేరు కుమారుడు. తండ్రికి వ్రాసిపెట్టియున్నదని చెప్పిన నోటనే తోలుము, తోలుము అనిపించుకొనుచు ఆ కుఱ్ఱవాడు ఎద్దులను అదలించెను. వాని మనస్సులో ఏమి నడచెనో నేనెన్నడును అడుగ సాహసింపలేదు.

దైవమును నమ్ముట తప్పని నేననను, నేనును నమ్ముదును. కాని దైవమన్న మాటను మనము ఎప్పుడు వాడుచున్నాము, ఎవరి గాయమును చూచి వాడుచున్నాము? ఆత్రేయుడు గాని భీష్ముడు గాని దైవమును ఇతరుల గాయమునకు సమాధానముగా చెప్పలేదు. చేయవలసినదెల్ల చేసిన పిదప, తన కష్టమును తాను మోయుటకు తనలో తాననుకొనదగిన మాట యది. ఇంకొకని గాయము పచ్చిగా నున్నప్పుడు, తొమ్మిది దినములు ఇంకను మిగిలియుండగా, అరుగుమీదనుండి అనునప్పుడు అది భక్తి కాదు, బద్ధకము. పురుషకారమును తన మనుమనికిని, దైవమును పాలేరునకును పంచిపెట్టు వేదాంతము ఏ యుపనిషత్తునందును లేదు.

ఈనాడు నాట్లు వేయు స్త్రీలు, కాలువ పూడిక తీయువారు, పశువుల సావడిలో పనిచేయువారు, మురుగుకాలువలలో దిగువారు ఒట్టి కాళ్ళతో ఆ బీజముల మీదనే నడచుచున్నారు. చిన్ననాడు బడిలో సూదులు పొందినవారికి సైతము వాని బలము పదేండ్లకు సన్నగిల్లును. నడివయస్సువారిని, ముసలివారిని ఆ సంగతి అడుగువారే లేరు. చదువరులారా, మీ పొలములోను మీ యింటను పనిచేయువారిని ఈ వారము ఒక్కమాట యడుగుడు: కడపటి సూది ఎప్పుడు వేయించుకొంటివని. తెలియదన్నచో, గాయమగువఱకు ఆగక, దగ్గఱి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తోడ్కొనిపొండు. అచ్చట దానికి రుసుము లేదు.